ఒళ్లు డ్యూటీలో... మనసు ఊళ్లో!

పండక్కి ఊరెళ్లి వచ్చాక నాలుగు రోజులు పని మీద ధ్యాస కుదరదు. సరిగ్గా అప్పుడే మందుల షాపు అద్దాల వెనకనుంచి సీసాలు పిలుస్తాయి... బ్రాహ్మి, అశ్వగంధ, శంఖపుష్పి! ఓ మాత్ర వేసుకుంటే మనసు దారికొస్తుందా? పటాన్‌చెరు-సంగారెడ్డి పారిశ్రామికవాడల్లో ఈ ప్రశ్నకు జవాబు కాస్త జాగ్రత్తగా వెతకాలి. ఎందుకంటే, ఇక్కడ ఏమరుపాటు ఖరీదు చాలా ఎక్కువ.

దసరా వెళ్లిన సోమవారం. తెల్లవారుజాము ఐదున్నర. ముంబయి హైవే మీద ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి. దిగేవాళ్ల భుజాలకు సంచులు. సంచుల్లో మలీద ముద్దలు, సత్తుపిండి డబ్బాలు. చొక్కా జేబులో వాడిన జమ్మి ఆకు. కొందరు మెదక్, జహీరాబాద్ వైపు పల్లెల నుంచి... కొందరు రాత్రంతా బస్సులో కూర్చుని శ్రీకాకుళం నుంచి... ఇంకొందరు ఒడిశా, బీహార్ల నుంచి రైలు దిగి. చాయ్ బండి దగ్గర నిలబడే రెండు గుక్కలు తాగి పాశమైలారం ఆటో ఎక్కేస్తారు. ఆరింటికి 'ఎ' షిఫ్టు మరి!

ఫ్యాక్టరీలో యంత్రాల మీద ఆయుధపూజ నాటి పసుపు, కుంకుమ ఇంకా చెరిగిపోలేదు. మీటరు చూసి లాగ్‌బుక్‌లో రాయబోతే అంకె గుర్తుండదు. మళ్లీ వెళ్లి చూడాలి. వాల్వు తిప్పామా, లేదా? అనుమానం. పక్కనున్నవాళ్లు ఏమైందని అడిగితే, 'మైండ్ ఇంకా ఊర్లనే ఉందన్నా!' అని ఓ నవ్వు.

సాయంత్రం డ్యూటీ దిగాక అదే మాట మందుల షాపు ముందుకొస్తుంది. 'ధ్యాస నిలవడానికి ఏమన్నా ఉందా? ఇంగ్లిషు మందు వద్దు. మూలికలదైతే ఇవ్వండి'. మూలికలదైతే మంచే తప్ప చెడు చేయదన్నది మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకంలో నిజమెంత?

నిద్ర బాకీ!

ముందు అసలు ఏం జరుగుతోందో చూద్దాం. సెలవుల్లో మతి ఎక్కడికీ పోదు. గడియారం మారుతుంది... గోడ మీది గడియారం కాదు, ఒంట్లోది! బతుకమ్మ ఆటలు, చుట్టాలతో కబుర్లు, అర్ధరాత్రి దాకా టీవీ. పొద్దెక్కాక లేవడం, ఎప్పుడో మధ్యాహ్నం భోజనం. నాలుగైదు రోజులు ఇలా గడిస్తే శరీరం ఆ వేళలకే అలవాటుపడుతుంది. సోమవారం పొద్దున నాలుగింటికి అలారం మోగితే, దాని లెక్కలో అది ఇంకా నడిరేయే! విమానమెక్కి దేశం దాటినవాళ్లకు వచ్చే తికమక లాంటిదే ఇదీ. జర్మనీ పరిశోధకులు 2006లో దీనికి 'సోషల్ జెట్‌లాగ్' అని పేరు పెట్టారు.

దీనికి రాత్రి ప్రయాణం తోడైతే కథ మరోలా ఉంటుంది. ఆస్ట్రేలియాలో 1997లో ఒక పరిశోధన జరిగింది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు ఎంత తగ్గుతుందో కొలిచారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవారితో అది సమానమని తేలింది. 24 గంటలు మేలుకుంటే 100 మిల్లీగ్రాములు ఉన్నవారితో సమానం. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములే. అంటే బస్సు దిగి నేరుగా షిఫ్టుకెక్కిన మనిషి, చుక్క ముట్టకపోయినా, ఆ హద్దు దాటిన మనిషిలాగే తడబడొచ్చు! గేటు దగ్గర గొట్టంలో ఊదించే యంత్రం మద్యాన్ని పసిగడుతుంది. నిద్ర బాకీని మాత్రం అది పట్టుకోలేదు.

రెండు రసాయనాలు

పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి... ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా 'రసాయనం' అంటే డ్రమ్ముల్లో వచ్చేది, రియాక్టర్లో ఉడికేది. ఆయుర్వేదంలో మాత్రం రసాయనం అంటే వేరే. శరీరానికి సత్తువ, ఆయుష్షు, తెలివి ఇచ్చేది. అందులోనూ బుద్ధిని పెంచేవి 'మేధ్య రసాయనాలు'. చరక సంహిత నాలుగింటిని చెప్పింది. మండూకపర్ణి రసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద.

చిక్కంతా పేర్ల దగ్గరే. మండూకపర్ణిని మనం సరస్వతి ఆకు అంటాం. గుండ్రటి ఆకులతో నేల మీద పాకే మొక్క. చాలాచోట్ల దీన్నే బ్రాహ్మి అని కూడా పిలుస్తారు. కానీ శాస్త్రవేత్తలు బ్రాహ్మి పేరుతో పరీక్షించింది మరో మొక్కను. తడి నేలల్లో పెరిగే నీటి బ్రాహ్మిని. దాని ఆకులు చిన్నవి, మందంగా ఉంటాయి. రెండూ వేర్వేరు కుటుంబాల మొక్కలు. శంఖపుష్పి సంగతీ అంతే. ఒకచోట ఒక మొక్క, మరోచోట విష్ణుక్రాంత, ఇంకోచోట నీలిరంగు శంఖుపూల తీగ... మూడూ ఆ పేరుతోనే చలామణీ అవుతాయి. సీసా మీద పేరు ఒకటే అయినా లోపల ఏ మొక్క ఉందో దాని శాస్త్రీయ నామం చూస్తేగానీ తెలియదు.

అశ్వగంధ అంటే మన పెన్నేరు గడ్డ. చురుకుదనం కోసమని దీన్ని పొద్దున్నే వేసుకునేవాళ్లున్నారు. తమాషా ఏమిటంటే, దీని శాస్త్రీయ నామం విథానియా సోమ్నిఫెరా. లాటిన్‌లో సోమ్నిఫెరా అంటే 'నిద్ర తెచ్చేది' అని అర్థం!

పన్నెండు వారాల మాట

మరి ఇవి పనిచేస్తాయా? నీటి బ్రాహ్మి మీద మన దేశంలో ఎక్కువగా పరిశోధన చేసింది లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ. అందులోని బాకోసైడ్లు అనే పదార్థాల మీద అక్కడ ఏళ్ల తరబడి అధ్యయనం జరిగింది. ఆ సారంతో 'మెమరీ ప్లస్' పేరిట 1990ల్లో మాత్రలూ వచ్చాయి. పరీక్షల కాలంలో పిల్లలకు కొనిపెట్టిన తల్లిదండ్రులకు ఆ పేరు గుర్తుండే ఉంటుంది.

తర్వాత ఆస్ట్రేలియాలో రెండు పరీక్షలు జరిగాయి. రెండింటి ఫలితాలూ 2001లోనే వెలువడ్డాయి. మొదటిదాంట్లో 46 మంది ఆరోగ్యవంతులను తీసుకుని, కొందరికి రోజుకు 300 మిల్లీగ్రాముల సారం, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. బ్రాహ్మి వాడినవారు కొత్త విషయం నేర్చుకోవడంలో, చూసినదాన్ని గ్రహించే వేగంలో కొంత మెరుగయ్యారు. అయితే ఆ తేడా స్పష్టంగా కనిపించింది 12 వారాలకు! రెండోదాంట్లో 38 మందికి ఒకే ఒక్క మోతాదు ఇచ్చి, రెండు గంటల తర్వాత పరీక్షించారు. ఏ తేడా లేదు. తర్వాత వచ్చిన ఒకటి రెండు చిన్న అధ్యయనాల్లో వెంటనే కొద్దిపాటి మార్పు కనిపించినా, సోమవారం వేసుకుని మంగళవారానికి చురుగ్గా మారిపోతామని భరోసా ఇచ్చేంత బలం వాటికి లేదు.

2002లో 40 ఏళ్లు దాటిన 76 మందికి మూడు నెలలు ఇచ్చి చూశారు. కొత్తగా నేర్చుకున్నది మరిచిపోవడం కాస్త తగ్గింది. ధ్యాస నిలిపే శక్తిలో మాత్రం మార్పు లేదు.

అశ్వగంధ మీద హైదరాబాద్‌లోనే జరిగిన ఒక అధ్యయనం 2012లో ప్రచురితమైంది. ఒత్తిడితో బాధపడుతున్న 64 మందిలో సగం మందికి 60 రోజులపాటు ఆ వేరు సారాన్ని ఇచ్చారు. ఒత్తిడి తగ్గింది. అయితే అక్కడ కొలిచింది ఒత్తిడిని... లాగ్‌బుక్‌లో అంకె సరిగ్గా రాసే ధ్యాసను కాదు.

మొత్తమ్మీద తేలేది ఒక్కటే. ఈ మూలికలు నెలల తరబడి వాడితే కొందరికి కొంత మేలు చేయొచ్చు. పండగ తర్వాతి మాంద్యం మాత్రం నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. పన్నెండు వారాల మందుతో వారం రోజుల బాధను తగ్గించుకోవాలనుకోవడం, వాన వెలిశాక గొడుగు కొనడమే!

ఆకే కదా అనుకుంటే...

మేలు సంగతి అలా ఉంచి, కీడు సంగతి చూద్దాం.

మూర్ఛకు మందులు వాడేవారు శంఖపుష్పి సిరప్ జోలికి వెళ్లకూడదు. ఫినైటాయిన్ అనే మందు వాడుతున్నవారిలో ఫిట్స్ అదుపు తప్పడం గమనించి ముంబయి వైద్యులు ఆరా తీస్తే, ఆ సిరప్ వల్ల రక్తంలో మందు మోతాదు పడిపోతోందని తేలింది. ఆ పరిశోధన 1992లో ప్రచురితమైంది. యంత్రం ముందు నిలబడిన మనిషికి ఫిట్స్ వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అశ్వగంధతో కొందరికి మగత, కడుపులో గడబిడ. అరుదుగానే అయినా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవారు, గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా తీసుకోకూడదు.

సారస్వతారిష్టం లాంటి అరిష్టాలను పులియబెట్టి తయారుచేస్తారు. అందువల్ల వాటిలో కొంత ఆల్కహాల్ సహజంగానే ఉంటుంది. ఆ సంగతి సీసా మీదే రాసి ఉంటుంది. డ్యూటీకి ముందు తాగేది కాదది.

ఇక పసిపిల్లలకు మాటలు బాగా వస్తాయని నాలుకకు రాసే వస కొమ్ము. గలగలా మాట్లాడే పిల్లను 'వసపిట్ట' అని ముద్దుగా పిలుచుకునేంతగా మన ఇళ్లలో కలిసిపోయింది. అందులోని బీటా-అసరోన్ అనే పదార్థం జంతువులపై పరీక్షల్లో హాని చేసిందని అమెరికా 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. తెలివి కోసమని పెద్దవాళ్లు రోజూ నమలాల్సిన వస్తువు కాదు.

నక్కవాగు గట్టున...

'సీసాలెందుకు? వాగు గట్టున బోలెడు ఆకు ఉంది, తెచ్చి పచ్చడి చేసుకుంటే సరి' అనేవాళ్లూ ఉంటారు. మరోచోటైతే మంచి సలహానే. ఇక్కడ కాదు.

పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగును మోసి మంజీరలో కలిపింది నక్కవాగు. ఈ కాలుష్యం మీద పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి, భారలోహాలు మోతాదు మించి ఉన్నాయని 2001లో వెల్లడించారు. 2007లో వెలువడిన మరో అధ్యయనం ఇక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని చెప్పి ప్రపంచాన్నే ఉలిక్కిపడేలా చేసింది.

నీటి బ్రాహ్మికి ఒక గుణముంది. మట్టిలో, నీటిలో ఉన్న లోహాలను పీల్చుకుని తనలో దాచుకుంటుంది. కలుషిత జలాలను శుభ్రం చేయడానికి ఈ మొక్కను వాడొచ్చా అని పరిశోధనలు జరిగింది అందుకే. వాగును కడిగే మొక్కను మనం తింటే? బుద్ధికి మేలు చేస్తుందనుకున్న ఆకుతోపాటు, నరాలకు చేటు చేసే సీసం కూడా కడుపులోకి వెళ్లొచ్చు.

కొనుక్కున్న మందైనా సరే, చూసి కొనాలి. అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను అక్కడి వైద్యులు పరీక్షించి, 14 మందుల్లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్లు 2004లో ప్రకటించారు. ఆ తర్వాతే ఎగుమతయ్యే మూలికా మందులకు భారలోహాల పరీక్షను మన ప్రభుత్వం 2006 జనవరి నుంచి తప్పనిసరి చేసింది. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, మొక్క శాస్త్రీయ నామం, ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాముల సారం ఉందీ, గడువు తేదీ... ఈ నాలుగూ లేకపోతే పక్కన పెట్టేయడమే మంచిది. లైసెన్సు బదులు ఆహార భద్రతా సంస్థ నంబరు ఉంటే అది మందు కాదు, ఆహార పూరకం. రోగాన్ని నయం చేస్తుందని చెప్పుకునే హక్కు దానికి లేదు.

యంత్రానికి వారం... మనిషికి?

2020 మే 7. విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురం. లాక్‌డౌన్‌తో మూతపడి, మళ్లీ తెరవడానికి సిద్ధమవుతున్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ. నిల్వ ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి, తెల్లవారుజామున విషవాయువై ఊరి మీద పడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ వారంలోనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దేశంలోని ఫ్యాక్టరీలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి సారాంశం... తెరిచాక మొదటి వారాన్ని ట్రయల్ రన్‌గా భావించండి. ఉత్పత్తి లక్ష్యాల వెంట పరుగులు పెట్టకండి. వింత శబ్దం, వాసన, లీకు, పొగ... దేన్నయినా గుర్తుపట్టేలా కార్మికుల్ని అప్రమత్తం చేయండి!

ఆగిన యంత్రాన్ని మళ్లీ నడిపించేటప్పుడే ముప్పు ఎక్కువని ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ యంత్రాన్ని నడిపించే మనిషి కూడా ఆగి, మళ్లీ మొదలవుతున్నాడన్న సంగతే ఎవరికీ గుర్తురాదు.

పాశమైలారానికి ప్రమాదమంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. 2025 జూన్ 30న అక్కడి సిగాచీ పరిశ్రమలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా కార్మికుల్ని బలి తీసుకుంది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్... మాత్రను విరిగిపోకుండా పట్టి ఉంచే తెల్లటి పొడి. ఇంగ్లిషు మాత్రల్లోనూ, ఎన్నో మూలికా మాత్రల్లోనూ ఉండేది అలాంటి పొడే. ఇంత పెద్ద విషాదాలను కార్మికుల ధ్యాసకు ముడిపెట్టడం అన్యాయం. ఒక్క మనిషి ఏమరుపాటును కూడా తట్టుకునేలా ఏర్పాట్లుండాలి. ఆ బాధ్యత యాజమాన్యాలదే. 'మైండ్ ఇంకా ఊర్లనే ఉంది' అన్న మాటకు నవ్వి ఊరుకోకూడదన్నది కూడా అందుకే.

పండగకు ఒకరోజు ముందే తిరిగి రమ్మని సలహా ఇవ్వడం తేలిక. నెల జీతగాళ్లకు అది సాధ్యమే. పని చేస్తేనే కూలి వచ్చే కాంట్రాక్టు కార్మికుడికి ఒకరోజు ముందు రావడమంటే, ఏడాదికోసారి చూసే పిల్లల దగ్గర ఒకరోజు తగ్గించుకోవడం. ఒకరోజు ఆలస్యమంటే కూలి పోగొట్టుకోవడం. అందుకే రాత్రి బస్సు, పొద్దున షిఫ్టు! ఈ లెక్కను మార్చగలిగేది ఏ సీసా కాదు, షిఫ్టు రోస్టర్ రాసే చెయ్యి. దూరం నుంచి వచ్చినవారికి మొదటి రోజు 'ఎ' షిఫ్టు బదులు 'బి' షిఫ్టు వేస్తే, ఆ ఏడెనిమిది గంటల నిద్రే వాళ్లకు అసలైన మూలిక.

తొలి వారం ఇలా...

* తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచే నిద్రవేళను రోజూ గంట చొప్పున ముందుకు జరపాలి.

* పొద్దున లేవగానే పావుగంట ఎండలో నడిస్తే ఒంట్లోని గడియారం త్వరగా దారికొస్తుంది.

* చాయ్ పొద్దున మంచిదే. పడుకోవడానికి ఆరు గంటల ముందే ఆపేయాలి.

* జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. చేసిన ప్రతి పనికీ చెక్‌లిస్టులో అప్పటికప్పుడే టిక్కు పెట్టాలి. చూసిన అంకెను బయటికి చదివి, రాసి, మళ్లీ సరిచూసుకోవాలి.

* మొదటి రెండు రోజులు ప్రమాదకరమైన పనుల్లో ఇద్దరు ఉండాలి. ట్యాంకుల్లోకి దిగడం, ఎత్తుకెక్కడం లాంటివి వాయిదా వేయగలిగితే ఇంకా మంచిది.

* నిద్ర సరిపోలేదని చెప్పిన కార్మికుణ్ని తిట్టకూడదు. తిడితే రేపు ఎవరూ చెప్పరు.

ఊళ్లో తగ్గి... ఇక్కడ మొదలైతే?

రెండు వారాలు దాటినా ధ్యాస కుదరకపోతే అది సెలవుల మాంద్యం కాదు. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, నిద్రలో గురక పెడుతూ ఊపిరాగడం, కుంగుబాటు... వీటిలో ఏదైనా కావచ్చు. వైద్యుణ్ని కలవాలి. ఈఎస్ఐ కార్డున్నవారికి రామచంద్రాపురంలో ఆసుపత్రి ఉంది.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. తలనొప్పి, తల తిరగడం, మతిమరుపు ఊరెళ్లినప్పుడు పూర్తిగా పోయి, డ్యూటీకెక్కిన రెండు మూడు రోజులకే మళ్లీ మొదలవుతున్నాయా? అయితే అనుమానించాల్సింది సెలవును కాదు, పనిచేసే చోటి గాలిని. టోలిన్ లాంటి ద్రావకాల ఆవిర్లు పీలిస్తే సరిగ్గా ఈ లక్షణాలే వస్తాయి. ఏ విభాగంలో, ఏ రసాయనం దగ్గర పనిచేస్తున్నదీ వైద్యుడికి విధిగా చెప్పాలి. ప్రమాదకర ప్రక్రియలున్న చోట ఏటా వైద్య పరీక్షలు చేయించడం యాజమాన్యం బాధ్యత. అలాంటి తలనొప్పికి బ్రాహ్మి మాత్ర వేసుకోవడమంటే, మోగుతున్న సైరన్‌కు గుడ్డలు కుక్కడమే!

ఆయుధపూజ నాడు యంత్రానికి బొట్టు పెడతాం, నిమ్మకాయ కడతాం, గుమ్మడికాయ కొడతాం. మళ్లీ నడిపించే ముందు నూనె పోసి, శబ్దం విని, మెల్లగా వేగం పెంచుతాం. ఇనుముకు అంత మర్యాద చేసే చోట, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషికి ఒక పూట నిద్ర, ఒక వారం ఓపిక ఇవ్వలేమా? అవి దొరికితే, మనసు దానంతటదే ఊరి నుంచి బస్సెక్కి వచ్చేస్తుంది.